అబ్బాయి ఓడెక్కే ముందు ఇంటర్నెట్ గురించి ఏం అడగాలి?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి పూర్తి చేశాడు. మర్చంట్ నేవీలో (సరుకు ఓడల్లో) డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే పని నేర్చుకునే ట్రైనీగా చేరతానంటున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ వదలడు. నెలల తరబడి సముద్రం మీద ఉంటే మాతో మాట్లాడటం కుదురుతుందా? కాలక్షేపానికి ఏమైనా ఉంటుందా? ఒంటరిగా కుంగిపోతాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఈ ఉద్యోగం గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది జీతం, ప్రమోషన్ల దగ్గరే ఆగిపోతారు. డ్యూటీ లేని గంటలు ఎలా గడుస్తాయని మీరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

తీరం కొన్ని మైళ్లు దాటగానే సిమ్ కార్డు పనిచేయదు. ఆ తర్వాత ఉపగ్రహమే దిక్కు. ఓడలు చాలాకాలం వాడినవి 35,786 కిలోమీటర్ల ఎత్తులో, కింద నుంచి చూస్తే కదలనట్టు ఉండే ఉపగ్రహాలు. మాట అంత దూరం వెళ్లి రావాలి కాబట్టి, మీరు "తిన్నావా నాన్నా" అంటే జవాబు అర సెకను పైగా ఆలస్యంగా వినిపించేది. ఖర్చూ ఎక్కువే. నావికులు ఫోన్ కార్డు కొనుక్కుని, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవారు. 2022లో స్టార్‌లింక్ ఓడలకు సర్వీసు మొదలుపెట్టాక ఇది చాలా మారింది. దాని ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. ఆ ఏర్పాటు ఉన్న ఓడలో సిగ్నల్ బాగుంటే వీడియో కాల్ పక్క ఊరితో మాట్లాడినట్టే సాగుతుంది.

రూల్స్ కూడా మారాయి. కరోనా సమయంలో దాదాపు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు ముగిసినా దిగే దారిలేక ఓడల్లోనే చిక్కుకుపోయారు. ఇంటితో మాట అంటే ఏమిటో అప్పుడు అందరికీ అర్థమైంది. నావికుల హక్కుల కోసం 2006లో చేసిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని 2022లో సవరించారు. 2024 డిసెంబరు 23న ఆ సవరణ అమల్లోకి వచ్చింది. ఓడలో ఉండాల్సిన వినోద సౌకర్యాల్లో ఇప్పుడు ఇంటివాళ్లతో, స్నేహితులతో సంబంధం నిలుపుకునే ఏర్పాటు కూడా చేరింది. ఇంటర్నెట్ సంగతి మాత్రం మార్గదర్శకంలో ఉంది: ఆచరణలో వీలైనంత మేరకు యజమాని ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే అది సమంజసంగా ఉండాలి. ఈ "వీలైనంత మేరకు" అన్న మాటను ఒక్కో కంపెనీ ఒక్కోలా తీసుకుంటుంది. మీరు జాగ్రత్తగా చూడాల్సింది అక్కడే.

అందుకే "ఓడలో వైఫై ఉందా?" అని అడిగి ఊరుకోకండి. ఉంది అనే చెబుతారు. మనిషికి నెలకు ఎంత డేటా ఉచితం, అది అయిపోతే ఏం చేయాలి, ఎంత కట్టాలి అని అడగండి. సిగ్నల్ క్యాబిన్‌లోకి వస్తుందా, మెస్ రూమ్‌లో, అంటే అందరూ భోంచేసే గదిలో కూర్చుంటేనే వస్తుందా? క్యాడెట్‌కీ ఆఫీసర్‌కీ ఒకే కోటానా? కోటా తగ్గించే, నెట్ ఆపే అధికారం కెప్టెన్‌ది అయితే ఏ సందర్భాల్లో? ఈ చివరి ప్రశ్నకు తడబడకుండా జవాబిచ్చే కంపెనీని నేను నమ్ముతాను. శిక్షగా నెట్ కట్ చేస్తారని తెలిస్తే మాత్రం, జీతం ఎంత బాగున్నా మరో కంపెనీ చూసుకోమంటాను. ఇంకో మాట. "మంచి నెట్ ఉన్న ఓడలో వేయిస్తాం" అంటూ ఏజెంట్ ఉద్యోగానికి డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోవడం ఆ ఒప్పందం ప్రకారమే తప్పు.

అన్నీ బాగున్న ఓడలోనూ నెట్ ఆగే రోజులు ఉంటాయి. పొగగొట్టమో క్రేనో యాంటెన్నాకు అడ్డొస్తే సిగ్నల్ పోతుంది. తమ తీర జలాల్లో కొన్ని రకాల ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరాలను అనుమతించని దేశాలున్నాయి, అక్కడ ఆపేయాలి. దొంగల భయం ఉన్న ప్రాంతాల్లో భద్రత కోసం ఆపే కంపెనీలూ ఉన్నాయి. ఇరవై మందికి పైగా ఒకే లైన్‌ను పంచుకుంటారు కాబట్టి, రాత్రి భోజనాల తర్వాత స్పీడ్ పడిపోవడం మామూలే.

సిగ్నల్ కోసం మనిషి ఎంత దూరం వెళ్తాడో చెప్పే ఘటన ఒకటుంది. 2020 జులై 25న వకాషియో అనే పెద్ద సరుకు ఓడ మారిషస్ దగ్గర పగడపు దిబ్బ ఎక్కేసింది. దాదాపు 1000 టన్నుల ఇంధన నూనె సముద్రంలో కలిసింది. ముందు అనుకున్న దారి తీరానికి 22 నాటికల్ మైళ్ల దూరంలో ఉండేది. దాన్ని 5 మైళ్లకు తగ్గించారు. ఆ రోజు మొబైల్ సిగ్నల్ అందాలని ఇంకా దగ్గరికి జరిగారు. ఇది చదివి భయపడకండి. సిబ్బందికి ఇంటి కబురు అందించడం ఓడ భద్రతలో కూడా భాగమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక మీ అబ్బాయి ఫోన్ అలవాటు. నన్ను నిజంగా ఆలోచింపజేసింది అదే. నెట్ లేకపోవడం కంటే బాగా ఉండటం వల్ల వచ్చే చిక్కు పెద్దది. ముందు చెప్పిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నావికుడికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ గంటల్ని వీడియోలు తినేస్తే, తెల్లవారుజామున నాలుగింటికి వాచ్‌కు (ఓడ ముందు దారిని కనిపెట్టుకుని ఉండే డ్యూటీకి) వచ్చే కుర్రాడి కళ్లు మూతపడతాయి. చీకట్లో ఎదురొచ్చే ఓడను చూడాల్సినవి ఆ కళ్లే.

రెండో చిక్కు మెస్ రూమ్ ఖాళీ అయిపోవడం. సినిమాలు, పుస్తకాలు, టేబుల్ టెన్నిస్, వ్యాయామ పరికరాలు చాలా ఓడల్లో ఉంటాయి. అయితే గదికో ఫోన్ వచ్చాక, భోజనం ముగించి ఎవరి క్యాబిన్‌లో వాళ్లు తలుపు వేసుకుంటున్నారని పాత నావికులు బాధపడతారు. ఒకప్పుడు అరిగిపోయిన క్యాసెట్ అయినా అందరూ కలిసే చూసేవారట. ఒంటరితనానికి ఓడలో ఉన్న మందు పక్క మనిషే. వేరే దేశం వాడైనా, మన భాష రాకపోయినా, రోజుకు ఒక అరగంట మెస్ రూమ్‌లో కూర్చునే కుర్రాడు నిలబడతాడు. మీ వాడికి ఈ ఒక్క అలవాటు నేర్పి పంపండి.

చేరే ముందు ఒక పని చేయించండి. పదిహేను రోజులు, రోజుకు ఒక గంట మాత్రమే ఫోన్. ఆ గంట కూడా వాడికి నచ్చిన సమయంలో కాదు, మీరు చెప్పిన సమయంలో. నాలుగో రోజు చిరాకు పడతాడు, పడనివ్వండి. పదో రోజుకు ఏదో ఒక పని వెతుక్కుంటే ఈ ఉద్యోగానికి పనికొస్తాడు. అప్పటికీ అన్నం మానేసి గొడవపడుతుంటే ఒక ఏడాది ఆగమని చెప్పండి. వయసు మించిపోలేదు.

మీరూ కొంచెం సిద్ధపడాలమ్మా. మెసేజ్ రెండు రోజులు చేరకపోతే ప్రమాదం అనుకోకండి. ప్రతి చిన్న గొడవా, ప్రతి జ్వరమూ ఆ నిమిషమే వాడికి చెప్పకండి. వెంటనే దిగి రాలేని మనిషి దాన్ని మనసులో పెట్టుకుని డ్యూటీకి వెళ్తాడు. అలాగని పెద్ద విషయం దాచకండి. ఇంకెవరి స్టేటస్‌లోనో చూసి తెలుసుకోవడం అంతకంటే నరకం. ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాడు బయలుదేరకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అత్యవసరమైతే కంపెనీలో ఫోన్ చేయాల్సిన నంబర్, ఓడ పేరు, దాని ఐఎంఓ నంబర్ (ప్రతి ఓడకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాయించుకుని ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి.