పదిలో ఆరు సరిగ్గా చెప్పినా డబ్బు ఎందుకు పోయింది?

ప్రశ్న: నా వయసు 34. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. హెచ్‌-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 1,50,000 డాలర్ల జీతం. భార్య ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. రెండేళ్లలో ఇల్లు కొనాలని 48,000 డాలర్లు పొదుపు చేశాం. రిటైర్మెంట్ కోసం దాచే 401కె ఖాతాలో జీతంలో 3 శాతం వేస్తున్నాను. నేను వేసే ప్రతి డాలరుకీ కంపెనీ అర డాలరు కలుపుతుంది, జీతంలో 6 శాతం వరకు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ రోజూ ఫాలో అవుతాను, గాయాల వార్తలు అందరికంటే ముందే చూస్తాను. 2025 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర కప్పు కోసం జరిగే మ్యాచుల్లో) ఒక యాప్‌లో పందేలు కాశాను. ఓక్లహోమా కప్పు కొడుతుందని నాకు ముందే తెలుసు. 62 శాతం సరిగ్గా చెప్పాను, నాలుగు పందేలు కలిపి కట్టిన ఒకదానికి 664 డాలర్లు కూడా వచ్చాయి, కొంచెం లాభంలోనే ఉన్నాననుకుంటాను. స్టేట్‌మెంట్ జత చేస్తున్నాను. 2026 ఏప్రిల్‌లో మొదలయ్యే ప్లేఆఫ్స్ కోసం 5,000 డాలర్లు పక్కన పెట్టి, పోర్ట్‌ఫోలియోలో హై రిస్క్ భాగంగా చూసుకోవచ్చా? హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు కూడా రెండు లక్షల రూపాయలు పంపుతానంటున్నాడు, నా అకౌంట్‌లో తన తరఫున పెట్టమని. పందేల సంగతి నా భార్యకు పూర్తిగా తెలియదు.

జవాబు: స్టేట్‌మెంట్ పంపి మంచి పని చేశారు. చాలామంది గెలిచిన స్క్రీన్‌షాట్లు మాత్రమే పంపుతారు.

ముందు చివరి లైను చూద్దాం. మీరు యాప్‌లో వేసిన డబ్బు మొత్తం 3,400 డాలర్లు. వెనక్కి తీసుకున్నది 2,564. మీరు లాభంలో లేరు, 836 డాలర్ల నష్టంలో ఉన్నారు. 62 శాతం అన్న మాట మాత్రం నిజమే. ఒక్కొక్కటి 100 డాలర్ల చొప్పున 50 పందేలు కాస్తే 31 గెలిచారు. బాస్కెట్‌బాల్ మీకు తెలుసు, కాదనను. డబ్బు పోయింది అంచనా తప్పి కాదు, ఆ అంచనాకు మీరు కట్టిన ధర వల్ల.

ఆ 31 గెలుపుల మీద మీకు వచ్చిన లాభం 1,550 డాలర్లు. అంటే సగటున గెలుపుకి 50. ఓడిన 19 పందేల్లో పోయింది 1,900. ఎందుకంటే మీరు కాసినవి ఎక్కువగా ఫేవరెట్ల మీద (గెలుస్తాయని అందరూ అనుకునే జట్ల మీద), ఇంచుమించు మైనస్ 200 ఆడ్స్ దగ్గర. ఆడ్స్ అంటే పందెం ధర. మైనస్ 200 అంటే 100 డాలర్లు సంపాదించాలంటే 200 పెట్టాలి. దాన్ని శాతంలోకి మార్చడం సులువు: 200ని 300తో భాగిస్తే 66.7. ఆ ధర దగ్గర నష్టం లేకుండా బయటపడాలంటేనే వందకు 67 సార్లు గెలవాలి. మీరు 62 సార్లు గెలిచారు. ఆఫీసులో మీ మాటకు విలువ పెరిగి ఉంటుంది, అకౌంట్‌లో మాత్రం ఈ 50 పందేల వల్లే 350 డాలర్లు తగ్గాయి. మిగతా నష్టం సంగతి కింద చెప్తాను.

‘ఓక్లహోమా కప్పు కొడుతుందని నాకు ముందే తెలుసు’ అని మీరు రాసిన దానికీ ఇదే జవాబు. ఆ సీజన్‌లో 82 మ్యాచుల్లో 68 గెలిచిన జట్టు అది. మీకే కాదు, ఆడ్స్ వేసేవాడికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయానికి మార్కెట్లో ధర ఎప్పుడో పెరిగిపోయి ఉంటుంది. అంత బలమైన జట్టు కూడా ఫైనల్స్‌లో ఇండియానా మీద ఏడో మ్యాచ్ దాకా వెళ్లాల్సి వచ్చింది. మొదటి మ్యాచ్‌లో ఇండియానా ఆధిక్యంలో ఉన్నది చివరి 0.3 సెకన్లు మాత్రమే, ఆ మ్యాచ్ గెలిచింది ఇండియానానే. అదే ఏడాది 64 మ్యాచులు గెలిచిన క్లీవ్‌లాండ్ రెండో రౌండ్‌లో అదే ఇండియానా చేతిలో 4-1తో పోయింది. బోస్టన్ స్టార్ ఆటగాడు టేటమ్, చివరి మ్యాచ్‌లో ఇండియానా స్టార్ హాలిబర్టన్, ఇద్దరూ అకిలీస్ (మడమ వెనక) గాయంతో కూలిపోయారు. గాయాన్ని ఏ అంచనా పట్టుకోగలదు?

గాయాల వార్తలు అందరికంటే ముందే చూస్తానని రాశారు. మీ ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేసరికి యాప్‌లో ఆడ్స్ మారిపోయి ఉంటాయి. ఆ కంపెనీల్లో అదే పని మీద కూర్చున్న మనుషులూ, ప్రోగ్రాములూ ఉంటాయి. నిజంగా ముందే తెలిసేది లోపలివాళ్లకే. టొరంటో ఆటగాడు జాంటే పోర్టర్ తన ఆరోగ్య సమాచారం పందెం రాయుళ్లకు చేరవేసి, కావాలనే ఆటలోంచి తప్పుకున్నాడని తేలి 2024 ఏప్రిల్‌లో ఎన్‌బీఏ అతన్ని జీవితాంతం నిషేధించింది. అలాంటి సమాచారం చేతిలో ఉన్నవాడు కూడా అదే యాప్‌లో ఉంటాడు, మీకు అవతలి వైపున. ఇక ప్లేఆఫ్ ప్రిడిక్షన్ల కథనాల సంగతి. వాటిలో చాలా సైట్లకు తమ లింకు నొక్కి ఎవరైనా బెట్టింగ్ యాప్‌లో చేరితే కమీషన్ వస్తుంది. చదువుతున్నప్పుడు ఆ విషయం గుర్తుంచుకోండి.

కంపెనీకి ఎవరు గెలిచినా ఒకటే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారికి క్వింటా ఏ ధర పలికినా తన కమీషన్ తనకు వచ్చినట్టే ఇదీ. రెండు జట్లూ సమ ఉజ్జీలైతే రెండు వైపులా మైనస్ 110 పెడతారు. మీరు 110 పెట్టి 100 గెలుస్తారు, అవతల ఇంకొకరు 110 పోగొట్టుకుంటారు. ఆ ధర దగ్గర సగం సగం గెలిస్తే సరిపోదు, వందకు 52.4 సార్లు గెలవాలి. కప్పు ఎవరిదన్న పందెంలో కోత ఇంకా ఎక్కువ. జట్లన్నిటి ఆడ్స్‌నూ ఇలాగే శాతాల్లోకి మార్చి కూడి చూడండి, వంద దాటి చాలా దూరం వెళ్తుంది. ఆ పైది కంపెనీ వాటా.

అసలు కంపెనీలకు బాగా కలిసొచ్చేది పార్లే. మీ స్టేట్‌మెంట్‌లో అలాంటివి 23 ఉన్నాయి, ఒక్కోటి 50 డాలర్లు. నాలుగు పందేలను ఒక గొలుసుగా కట్టడం, నాలుగూ నెగ్గితేనే డబ్బు. ఒకటి తగిలింది, మీరు పెట్టిన 50తో కలిపి 664 డాలర్లు వచ్చాయి. మీకు లాభంలో ఉన్నానన్న భావన దాని వల్లే వచ్చిందని నా అనుమానం, ఎందుకంటే ఉత్తరంలో మీరు దాని గురించే రాశారు. మిగతా 22 పార్లేల్లో పోయిన 1,100 ఊసు లేదు. తగిలినదానిలో కూడా మీకు పూర్తి ధర రాలేదు. నాలుగూ సమాన అవకాశం ఉన్న పందేలైతే 50 డాలర్లకు 800 రావాలి. మీరు గెలిచిన రోజునే కంపెనీ 136 డాలర్లు కోసుకుంది.

ఇంకొక్క తేదీ గురించి మాట్లాడాలి. మే 21, న్యూయార్క్ జట్టు నిక్స్‌కీ ఇండియానాకీ ఈస్ట్ (తూర్పు విభాగం) ఫైనల్స్ మొదటి మ్యాచ్. మూడు నిమిషాల లోపే ఆట మిగిలి ఉండగా నిక్స్ 14 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అప్పుడు మీరు మైనస్ 1000 దగ్గర నిక్స్ మీద లైవ్ బెట్ (ఆట నడుస్తుండగానే పెట్టే పందెం) కాశారు. అంటే 10 డాలర్ల కోసం 100 డాలర్లు. ఇండియానా స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 138-135తో గెలిచింది. అలాంటివి జరుగుతుంటాయి, ఆ 100 గురించి నాకు బెంగ లేదు. ఆ తర్వాతి మూడు లైన్లే బాగా లేవు. రాత్రి 11 దాటాక వరుసగా మూడు డిపాజిట్లు, ఆ వెంటనే మర్నాటి మ్యాచ్ మీద పార్లేలు. పోయింది రాబట్టుకోవాలనే టెన్షన్‌లో పెట్టిన డబ్బు అది. 3,400తో ఆడినప్పుడే అలా జరిగితే, అకౌంట్‌లో 5,000 ఉన్నప్పుడు ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

పన్ను సంగతి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. యాప్ నుంచి పన్ను ఫారం ఏదీ రాలేదు కాబట్టి చూపించక్కర్లేదనుకుంటారు చాలామంది. ఫారం వచ్చినా రాకపోయినా గెలిచిన సొమ్ము ఆదాయమే. 2025లో మీరు గెలిచిన పందేల మీద లాభం 2,164, ఓడిన పందేల మీద నష్టం 3,000. ఫెడరల్ రిటర్న్‌లో ఈ రెండింటినీ ఇంట్లో లెక్కలాగా తీసివేసుకోవడం కుదరదు. నష్టాన్ని చూపించాలంటే ఐటమైజ్ చేయాలి, అంటే మినహాయింపులను ఒక్కొక్కటిగా రాయాలి. ఇల్లు లేని మీలాంటి కుటుంబానికి ఆ ఏడాదికి ఉన్న 31,500 డాలర్ల స్టాండర్డ్ డిడక్షనే (లెక్కలు చూపకుండా ఒకేసారి తీసుకునే మినహాయింపు) మేలు. అది తీసుకుంటే నష్టం లెక్కలోకి రాదు, 2,164 మీద పన్ను పడుతుంది. మీ 22 శాతం స్లాబులో అది సుమారు 476 డాలర్లు. అంటే పోయింది 836 కాదు, 1,312. ఐటమైజ్ చేసేవాళ్లకు కూడా 2026 నుంచి నష్టంలో 90 శాతమే లెక్కిస్తారు. 10,000 గెలిచి 10,000 ఓడినవాడు చేతికి రాని 1,000 మీద పన్ను కట్టాలి.

ఎఫ్‌-1 మీద ఉండి, పన్ను లెక్కలో ఇంకా నాన్‌రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థులు ఇది చదువుతుంటే వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. గెలిచిన ప్రతి పందెం మీదా 30 శాతం, నష్టం అసలు చూపించుకోలేరు.

తమ్ముడి డబ్బు విషయంలో ఆలోచించడానికి ఏమీ లేదు, వద్దని చెప్పేయండి. ఇంకొకరి తరఫున మీ అకౌంట్‌లో పందెం కాయడం నిబంధనలకు విరుద్ధం. తెలిస్తే అకౌంట్ మూసేస్తారు, అందులో ఉన్న డబ్బూ ఇరుక్కుంటుంది. ఇండియా నుంచి ఇలాంటి పనికి డబ్బు పంపడాన్ని ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. ‘కుటుంబ ఖర్చుల కోసం’ అని బ్యాంకు ఫారంలో రాసి పంపితే అది తమ్ముడి మెడకు చుట్టుకునే అబద్ధం అవుతుంది. గెలిస్తే పన్ను మీ పేరు మీద, ఓడితే మాట మీ మీద. పైగా ఇతరుల డబ్బు తీసుకుని వాటా పంచుకుంటే అది హెచ్‌-1బీలో అనుమతి లేని పనిగా కనిపించే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు హై రిస్క్ భాగం అన్న మీ మాట. షేర్లలో రిస్క్ ఉంది, ఒక్కో ఏడాది బాగా పడిపోతాయి. కానీ ఆ డబ్బు వెనక వ్యాపారాలు ఉంటాయి, అవి సంపాదిస్తాయి, ఎక్కువ ఏళ్లు ఆగినవాడికి ఆ సంపాదనలో వాటా వస్తుంది. పందెంలో సంపాదించేది ఏమీ లేదు. ఉన్న డబ్బే చేతులు మారుతుంది, మారిన ప్రతిసారీ కొంత తరుగుతుంది. ఎక్కువ కాలం ఆడే కొద్దీ నష్టం ఖాయమవుతుంది తప్ప తగ్గదు. నిలకడగా గెలిచేవాళ్లు కొందరు ఉన్నారు, నిజమే. వాళ్లను గుర్తుపట్టగానే కంపెనీలు వాళ్ల పందెం పరిమితిని తగ్గించేస్తాయి. మీ పరిమితి తగ్గలేదు, పైగా మీకు బోనస్ ఆఫర్లు వస్తున్నాయి. కంపెనీ మీ గురించి ఏమనుకుంటోందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

రిస్కే లేకుండా 50 శాతం రాబడి ఇచ్చేది ఒకటి మీ దగ్గరే ఉంది, దాన్ని వదిలేస్తున్నారు. 401కె లో 3 శాతమే వేస్తున్నారు. ఇంకో 3 శాతం అంటే ఏడాదికి 4,500 డాలర్లు, దానికి కంపెనీ కలిపేది 2,250. పన్నుకు ముందే కోత పడుతుంది కాబట్టి చేతికొచ్చే జీతం నెలకు 300 డాలర్ల లోపే తగ్గుతుంది. కంపెనీ వాటా పూర్తిగా మీదవడానికి ఎన్నేళ్లు ఉండాలో మాత్రం హెచ్‌ఆర్‌ని అడగండి. ప్లేఆఫ్స్‌కి పెడదామనుకున్న 5,000 కంటే తక్కువ డబ్బుతోనే ఈ పని అయిపోతుంది.

48,000లో ఒక్క డాలరు కూడా పందెంలోకి వెళ్లకూడదు. అత్యవసర నిధి వేరుగా ఉందని మీరు రాయలేదు, అంటే అదీ ఇందులోంచే రావాలి. హెచ్‌-1బీ మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి, దాన్ని ఎక్కువ వడ్డీ ఇచ్చే హై ఈల్డ్ సేవింగ్స్‌లో వేరే అకౌంట్‌గా పెట్టండి. మిగిలిందే డౌన్‌పేమెంట్. ఇల్లు ఒక ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు.

పూర్తిగా మానేయండి అని ఆర్డరు వేస్తే మీరు వినకపోవచ్చు. వినోదంగా ఆడాలనుకుంటే సినిమా, హోటల్ ఖర్చుల పద్దులోంచి నెలకు 40 డాలర్లు తీసుకోండి. యాప్ సెట్టింగుల్లో డిపాజిట్ పరిమితి ఉంటుంది, 40 అని ఇప్పుడే పెట్టండి, ఏప్రిల్ దాకా ఆగొద్దు. పార్లే, లైవ్ బెట్ రెండూ వద్దు. క్రెడిట్ కార్డుతో డబ్బు వేయొద్దు, చాలా కార్డులు దాన్ని క్యాష్ అడ్వాన్స్ కింద చూసి మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. 40 అయిపోయిన రాత్రి ఇంకో యాప్ డౌన్‌లోడ్ చేయాలనిపిస్తే, అప్పుడు ఆట వినోదం దాటిపోయింది. న్యూజెర్సీలో స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకుంటే కనీసం ఏడాది పాటు రాష్ట్రంలోని లైసెన్సున్న ఆన్‌లైన్ యాప్‌లన్నీ మిమ్మల్ని రానివ్వవు. 1-800-426-2537కి ఫోన్ చేస్తే ఉచితంగా, పేరు బయటపెట్టకుండా మాట్లాడతారు.

మీ భార్యకు చెప్పాలా వద్దా అని మీరు సూటిగా అడగలేదు. మీది జాయింట్ రిటర్న్, దాని మీద ఆమె సంతకం కూడా ఉంటుంది. ఆ 2,164 డాలర్లు అందులో కనిపించాలి. ఆమె అది చూసి ‘ఇదేంటండీ?’ అని అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. రిటర్న్ వేసే ముందు ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని నాకు పంపిన స్టేట్‌మెంటే ఆమెకు చూపించండి, మే 21 పేజీతో సహా. 401కె శాతం మార్చే పని కూడా ఆ రోజే కలిసి చేయండి, ఐదు నిమిషాలు పట్టదు.