వానలెక్కకు తాళం కట్టవచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: భూమి వేడెక్కుతున్న తీరును సంగీతంగా మార్చి వాయిస్తున్నారని విన్నాను. అది ఎలా చేస్తారు? విశాఖ వాతావరణాన్ని మన కర్ణాటక సంగీతంలో అలా వినిపించడం సాధ్యమేనా?
(వీణ నేర్చుకుంటున్న పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

జవాబు: ఈ పద్ధతిని సోనిఫికేషన్ అంటారు. కొలతల్లోని హెచ్చుతగ్గులను స్వరాల ఎత్తుగానో, లయగానో, ధ్వని తీవ్రతగానో మార్చడమే ఇందులోని పని. 2013లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి డేనియల్ క్రాఫర్డ్, అక్కడి భూగోళశాస్త్ర ఆచార్యుడు స్కాట్ సెయింట్ జార్జ్‌తో కలిసి, 1880 నుంచి 2012 వరకు భూమి సగటు ఉష్ణోగ్రతలను నాసా లెక్కల నుంచి తీసుకుని, ఏడాదికి ఒక స్వరం చొప్పున చెల్లో అనే తంత్రీవాద్యానికి కూర్చాడు. అందులో ఉష్ణోగ్రత 0.03 డిగ్రీల సెల్సియస్ పెరిగితే స్వరం ఒక స్వరస్థానం (ఒక స్థాయిలోని పన్నెండు మెట్లలో ఒకటి) పైకి వెళ్తుంది. అన్నిటికన్నా చల్లనిదైన 1909 వాద్యపు అట్టడుగు స్వరమైంది. ఇదే లెక్కన మరో 1.8 డిగ్రీలు పెరిగితే ఆ స్వరాలు మనిషి చెవికి అందవని కూడా ఆ రచనతో పాటు ప్రకటించారు. వినగానే గుండె ఝల్లుమనిపించే మాటే కాని, 0.03కు బదులు 0.1 డిగ్రీని ఒక స్వరస్థానంగా పెట్టుకుని ఉంటే ఆ 1.8 డిగ్రీలూ ఒకటిన్నర స్థాయిలో ఇమిడిపోయేవి. వేడెక్కడం ప్రకృతిలోని నిజం; చెవికి అందకపోవడం స్వరకర్త ఎంచుకున్న కొలబద్ద ఫలితం. అందువల్ల ఇటువంటి రచన విన్నప్పుడు, ఏ కొలతను ఏ నియమంతో స్వరంగా మార్చారో ముందుగా అడగాలి.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఉష్ణోగ్రతలను నేరుగా స్వరాలకు అంటగడితే రాగం నిలవదు. ఆరోహణావరోహణలు (స్వరాలు ఎక్కే, దిగే వరుసలు), గమకాలు (స్వరాన్ని ఊపి పలికే తీరులు), జీవస్వరాలు (రాగానికి ప్రాణమైన స్వరాలు), న్యాసస్వరాలు (పలుకు ఆగే స్వరాలు) ఉంటేనే అది రాగం. అంకెలకు ఆ మర్యాదలేవీ తెలియవు. వాన రాగంగా పేరుపడిన అమృతవర్షిణినే తీసుకోండి. అందులో రిషభ, ధైవతాలు లేవు కనుక, నెమ్మదిగా పెరిగే అంకెలు సైతం ఆ ఖాళీల దగ్గర ఒక్కసారిగా గెంతుతాయి. ఆ సంవత్సరం వాతావరణంలో ఏదో పెద్ద మార్పు వచ్చిందని శ్రోత పొరబడే అవకాశం ఉంది.

కనుక రాగాన్ని మీ మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లుకునే కల్పనకు వదిలి, కొలతలను తాళానికి అప్పగించడం మేలని నా అభిప్రాయం. చతురశ్ర జాతి అట తాళంలో నాలుగేసి అక్షరాల (తాళపు లెక్కల) లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు కలిసి 12 అక్షరాలు ఉంటాయి కాబట్టి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో నెలగా, ఒక ఆవర్తనాన్ని (తాళం ఒక చుట్టు తిరగడాన్ని) ఒక సంవత్సరంగా భావించవచ్చు. అప్పుడు జనవరి నుంచి ఏప్రిల్ వరకు మొదటి లఘువులోను, మే నుంచి ఆగస్టు వరకు రెండో లఘువులోను పడతాయి. విశాఖకు బాగా వానలిచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలలకు ఒక ద్రుతం విడిగా దక్కుతుంది. నెలసరి వర్షపాతాన్ని ఐదు మెట్లుగా విభజించి, అన్నిటికన్నా తక్కువ వానకు తిశ్ర గతి (గతి అంటే ఒక అక్షరాన్ని ఎన్ని మాత్రలుగా పంచుతామన్నది), ఆపైన వరుసగా చతురశ్రం, ఖండం, మిశ్రం, కుండపోతకు సంకీర్ణం అని నియమం పెట్టుకుంటే, ఎండిన నెలలో అక్షరానికి మూడు, ముంచెత్తిన నెలలో తొమ్మిది చొప్పున మాత్రలు పలుకుతాయి. అక్షరం అక్షరానికి గతి మార్చడం కత్తిమీద సామే. మంచి మృదంగ విద్వాంసుల తోడు లేనిదే దీనికి దిగకండి. శీతోష్ణస్థితి సగటును శాస్త్రజ్ఞులు 30 ఏళ్ళ కొలతలతో కడతారు కనుక, 30 ఆవర్తనాలు వాయిస్తే లెక్కకూ సరిపోతుంది, కచేరీకీ సరిపోతుంది.

ఒక లోపం మాత్రం మిగులుతుంది. 2014 అక్టోబరు 12న మన నగరం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో చెట్లను కూల్చింది. నెలసరి వానలెక్కలో ఆ గాలి వినబడదు. దానిని వినిపించాలంటే వాయుపీడనం కొలతలతో వేరొక రచన చేయవలసిందే.

ప్రశ్న: నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ గీసిన ప్రసిద్ధమైన "కేక" చిత్రంలోని ఎర్రని ఆకాశం అగ్నిపర్వతం బద్దలవడం వల్ల వచ్చిందంటారు. నిజమేనా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక)

జవాబు: అది ఒక ఊహ మాత్రమే. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా పేలినప్పుడు ఎగసిన ధూళి, గంధక కణాలు ప్రపంచమంతటా సంధ్యలను ఎర్రబరిచిన మాట వాస్తవం. ఆ ఆకాశమే చిత్రంలోకి వచ్చిందని 2004లో కొందరు అమెరికా పరిశోధకులు వాదించారు. అయితే చిత్రం 1893 నాటిది, అంటే ఆ పేలుడుకు పదేళ్ళ తరువాతిది. అది చలిదేశాల్లో అరుదుగా కనిపించే ముత్యపు మెరుపు మేఘాల దృశ్యం కావచ్చునని 2017లో నార్వే శాస్త్రజ్ఞులు మరో వాదం తెచ్చారు. క్రాకటోవా సంధ్యలకు సాక్ష్యంగా నేనైతే చిత్రకారుడు విలియం ఆస్క్రాఫ్ట్‌ను నమ్ముతాను. క్రాకటోవా తరువాత లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఆయన సూర్యాస్తమయాలను వెంటవెంటనే వందల కొద్దీ రంగుచిత్రాలుగా గీశాడు, బ్రిటన్ శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ 1888 నాటి నివేదికలో వాటిని ఉపయోగించుకుంది.

ప్రశ్న: మా పిల్లలతో ఉష్ణోగ్రతల రంగుచారలు వేయించాలని ఉంది. విశాఖ కొలతలతో వేయవచ్చా? గోడ కాక మరో మార్గం చెప్పగలరా?
(చిత్రలేఖనం ఉపాధ్యాయిని, భీమునిపట్నం)

జవాబు: వేయవచ్చు. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో ప్రచారంలోకి తెచ్చిన ఈ చారల్లో ఏడాదికి ఒక చార ఉంటుంది. పోలికకు ఎంచుకున్న కాలపు సగటు కన్నా చల్లనివి నీలం, వేడివి ఎరుపు. ఒక్క ఊరి చారలు భూగోళపు చారలంత నున్నగా రావు, నీలం మధ్య ఎరుపు, ఎరుపు మధ్య నీలం తొంగిచూస్తాయి, వాటిని సరిదిద్దకండి. విశాఖలో వాల్తేరు, విమానాశ్రయం రెండు చోట్లా కొలతలున్నాయి, ఒకదానిలోని ఖాళీలను మరొకదానితో నింపకండి.

గోడకు బదులు ఏటికొప్పాక లక్కపని నాకు తోస్తోంది. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను ఆనిస్తే, ఆ ఒరిపిడి వేడికి అది కరిగి పట్టీగా అంటుకుంటుంది, కాబట్టి చారలు వేయడం అక్కడి కళాకారులకు చేతి అలవాటే. నీలంలో, ఎరుపులో ఎన్ని ఛాయల సహజ రంగులు వారి దగ్గర ఉన్నాయో ముందు కనుక్కుని, ఉష్ణోగ్రతల మెట్లను ఆ సంఖ్యకే పరిమితం చేయండి. ఏ ఛాయ ఎన్ని డిగ్రీలకు గుర్తో తెలిపే పలకను పిల్లల చేత రాయించి కర్ర పక్కనే నిలపండి.