ఏడడుగుల ఆటగాడి ధర ఎక్కడ పడిపోయింది?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒకప్పుడు ముందు సెంటర్‌ను (బుట్ట, అంటే రిమ్ దగ్గర ఆడే ఎత్తైన ఆటగాడిని) పట్టుకుని, తర్వాత మిగతా జట్టు కట్టేవారు. ఇప్పుడు సెంటర్ మీద డబ్బు పెట్టాలంటే ఎందుకు వెనకాడుతున్నారు?

జవాబు: ముందు లెక్క చూడండి. రిమ్‌కు వీపు పెట్టి తోసుకుంటూ వేసే పోస్ట్ షాట్లు 100కు 45 పడితే 90 పాయింట్లు. త్రీలు (దూరం నుంచి వేసే 3 పాయింట్ల షాట్లు) 100కు 36 పడితేనే 108. దీనికి రూల్స్ కూడా తోడయ్యాయి. 2001-02లో జోన్ డిఫెన్స్‌కు (ఒక్కొక్కరు ఒక ఆటగాడిని కాకుండా ఒక చోటును కాపాడటానికి) అనుమతి వచ్చాక, సెంటర్‌కు బంతి అందకముందే ముందొకరు, వెనకొకరు నిలబడి పాస్ దారి మూసేయడం తేలికైంది. 2004-05 నుంచి గార్డులను (బయటి నుంచి బంతి నడిపే చురుకైన ఆటగాళ్లను) చేతులతో ఆపితే రిఫరీలు గట్టిగా విజిల్ వేస్తున్నారు. దాంతో ఆట నడిపే పని గార్డుల చేతికి వెళ్లింది.

అయినా సెంటర్ అవసరం తీరిపోలేదు. స్క్రీన్ పెట్టాలి (సహచరుడి డిఫెండర్‌కు అడ్డంగా నిలబడాలి), రిమ్ వైపు దూసుకెళ్లి డంక్ చేయాలి, రీబౌండ్ (పడని షాట్ బంతి) పట్టాలి. కాకపోతే ఈ మూడూ చేయగలవాళ్లు తక్కువ జీతానికే చాలామంది దొరుకుతారు. ధర పడింది అక్కడే. 2016లో సాలరీ క్యాప్ (ఒక్కో జట్టు జీతాల పరిమితి) 7 కోట్ల డాలర్ల నుంచి ఒక్కసారిగా 9.4 కోట్లకు పెరిగింది. ఆ ఊపులో లేకర్స్ టిమోఫీ మోజ్‌గోవ్‌కు 4 ఏళ్లకు 6.4 కోట్లు, నిక్స్ జోకిమ్ నోవాకు 4 ఏళ్లకు 7.2 కోట్లు రాసిచ్చాయి. ఏడాది తిరగకుండానే మోజ్‌గోవ్ ఒప్పందాన్ని వదిలించుకోవడానికి లేకర్స్ యువ గార్డ్ డీయాంజెలో రసెల్‌ను కూడా కలిపి నెట్స్‌కు ఇచ్చేసింది. ఆ మార్పిడిలో వచ్చిన సెంటర్ బ్రూక్ లోపెజ్‌ను మరో ఏడాదికి మిల్వాకీ బక్స్ సుమారు 34 లక్షల డాలర్లకే తెచ్చుకుంది. 2021లో బక్స్ టైటిల్ గెలిచినప్పుడు సెంటర్ అతనే.

ప్రశ్న: సీజనంతా బాగా ఆడిన సెంటర్‌ను ప్లేఆఫ్స్‌లో బెంచ్ మీద కూర్చోబెడతారేం?

జవాబు: ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో 7 మ్యాచ్‌ల దాకా ఆడాలి. ఒక్క లోపం దొరికితే చాలు, ప్రతిసారీ అక్కడే కొడతారు. పెద్ద సెంటర్లు ఎక్కువగా డ్రాప్ ఆడతారు. అంటే స్క్రీన్ పడగానే ముందుకు రాకుండా, రిమ్‌ను కాపాడటానికి ఫ్రీ త్రో గీత (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డు లేకుండా షాట్ వేసే గీత) వెనక్కి జారుకుంటారు. స్క్రీన్ దాటిన గార్డ్‌కు మంచి షాట్ ఉంటే ఆ ఖాళీలో ఆగి త్రీ వేసేస్తాడు. పోనీ స్విచ్ చేసి (సహచరుడితో కాపు మార్చుకుని) బయటికి వస్తే, చురుకైన గార్డ్‌ను ఆపే కాళ్లు ఉండాలి.

2021 జూన్‌లో యూటా జాజ్, క్లిప్పర్స్ మధ్య జరిగిన ఆరో మ్యాచ్ మళ్లీ చూడండి. జాజ్ ఒక దశలో 25 పాయింట్ల ముందుంది. క్లిప్పర్స్ అయిదుగురు షూటర్లను దింపి, జాజ్ సెంటర్ రూడీ గోబేర్ కాపు కాయాల్సిన టెరెన్స్ మాన్‌ను మూలన నిలబెట్టింది. మూలలో త్రీ గీత రిమ్‌కు 22 అడుగుల దూరం. క్లిప్పర్స్ గార్డ్ తన డిఫెండర్‌ను దాటి లోపలికి వస్తాడు, గోబేర్ రిమ్ దగ్గర అడ్డుకుంటాడు, బంతి మూలకు వెళ్తుంది. మాన్ 7 త్రీలతో 39 పాయింట్లు చేశాడు. జాజ్ 131-119తో ఓడి ఇంటికి వెళ్లింది. నింద గోబేర్ మీద పడింది. మా దృష్టిలో అది అన్యాయం. మొదట దాటనిచ్చింది బయటి డిఫెండర్లు. వాళ్లను బాగుచేయకుండా సెంటర్‌ను మారిస్తే చిల్లు అలాగే ఉంటుంది.

ప్రశ్న: మరి సెంటర్ నికోలా యోకిచ్‌కు 3 ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు) ఎలా వచ్చాయి?

జవాబు: అతను దూరం నుంచి షూట్ చేస్తాడు, జట్టులో అందరికన్నా బాగా పాస్ ఇస్తాడు. గార్డ్ చేయాల్సిన పనంతా ఏడడుగుల ఎత్తు నుంచి చేస్తాడు. 2000లో షకీల్ ఓనీల్ తర్వాత 2021లో యోకిచ్ వచ్చేదాకా ఏ సెంటర్‌కూ ఎంవీపీ రాలేదు. అలాంటివాడు దొరికితే క్యాప్‌లో ఎంత వాటా అడిగినా ఇవ్వాల్సిందే. నష్టమంతా మధ్య రకానికి పై రకం జీతం ఇవ్వడంలోనే ఉంది. అలాగని సెంటరే వద్దనుకోవడమూ దెబ్బే. 2020 ఫిబ్రవరిలో హ్యూస్టన్ రాకెట్స్ తన సెంటర్ క్లింట్ కపేలాను పంపేసి, 6 అడుగుల 5 అంగుళాల పీజే టక్కర్‌ను సెంటర్‌గా ఆడించింది. రెండో రౌండ్‌లో లేకర్స్ చేతిలో 4-1తో ఓడింది.

ప్రశ్న: డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు) తొలి 5 ఎంపికల్లో సెంటర్‌ను తీసుకోవచ్చా?

జవాబు: పక్కన మంచి ప్లేమేకర్ ఉంటే వద్దు. 2018లో ఫీనిక్స్ సన్స్ సెంటర్ డిఆండ్రే ఎయిటన్‌ను మొదట తీసుకుంటే ప్లేమేకర్ లూకా డాన్చిచ్ మూడో స్థానానికి జారాడు. 2020లో సెంటర్ జేమ్స్ వైజ్‌మన్ రెండో ఎంపిక, ప్లేమేకర్ లమెలో బాల్ మూడో ఎంపిక. విక్టర్ వెంబన్యామా లాంటి అరుదైన సెంటర్ సంగతి వేరు.

తీసుకోక తప్పదనుకుంటే కళాశాల ఆటలో త్రీ శాతం చూసి మోసపోకండి, ప్రయత్నాలు మరీ తక్కువ ఉంటాయి. ఫ్రీ త్రో శాతం చూడండి, చేతి మెత్తదనం అక్కడ తెలుస్తుంది. లోపెజ్‌కు తొలి 8 సీజన్లు కలిపి పడిన త్రీలు 3. ఫ్రీ త్రోలు మాత్రం 80 శాతానికి దగ్గరగా వేసేవాడు. బయటి నుంచి వేయమని వదిలిపెట్టిన 2016-17లో 134 త్రీలు పడ్డాయి.