గోళ్ళు తీయించడం అంటే గోళ్ళు కత్తిరించడం కాదు

టెక్సాస్‌లోని డాలస్ శివార్లలో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. తోటి ఉద్యోగిని వేరే రాష్ట్రానికి మారుతూ ఇచ్చి వెళ్ళిన పిల్లి వారింటికి వచ్చి రెండు నెలలైంది. ఈలోగా అది కొత్త సోఫా అంచును గీరి పీచు పీచు చేసింది, రెండేళ్ళ పాప చేతి మీద ఒక గీత కూడా పడింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎలాగూ ఉంది కాబట్టి అదే మత్తులో గోళ్ళు కూడా తీయించేద్దామని, ఇక్కడ చట్టం అడ్డు చెప్పదని ఆమె భర్త అంటున్నారట. చేయించవచ్చా అని ఆమె సందేహం.

వద్దమ్మా. ఒకసారి చేయించాక మళ్ళీ సరిదిద్దుకోలేని పని కనుక, కారణాలు వివరంగానే చెబుతాను.

మన మాటల్లో గోళ్ళు తీయడం అంటే పెరిగిన కొసను కత్తిరించుకోవడమే. ఇక్కడి క్లినిక్‌లో 'డీక్లా' అన్న మాట వినగానే మనవాళ్ళలో చాలామందికి తోచే అర్థం కూడా అదే. కానీ పిల్లి గోరు మన గోరులా చర్మం మీద అతుక్కుని ఉండేది కాదు, వేలి చివరి ఎముకలోంచే పుడుతుంది. అది మళ్ళీ పెరగకూడదంటే ఆ ఎముకనే కీలు దగ్గర కోసి తీసేయాలి. ముందుకాళ్ళు రెంటికీ కలిపి పది వేళ్ళు, అంటే పది కోతలు. మన చేతి వేళ్ళన్నిటినీ చివరి కణుపు దగ్గర నరికేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. లేజర్‌తో చేస్తాం, నొప్పి ఉండదు అని ఎవరైనా చెప్పినా, తీసేది ఆ ఎముకనే. ఎముక తీయకుండా గోరు చాచే కండరపు బంధాన్ని మాత్రం కోసే పద్ధతి ఇంకొకటి ఉంది కానీ, అందులో గోరు పెరుగుతూనే ఉంటుంది, అరగదు, పట్టించుకోకపోతే వంకర తిరిగి పాదం మెత్తలోకే దిగుతుంది.

పదేళ్ళ క్రితం మేము షెల్టర్ నుంచి ఒక పెద్ద వయసు పిల్లిని తెచ్చుకున్నాం. దానికి అంతకుముందు పెంచినవారెవరో గోళ్ళు తీయించారు. మలమూత్రాల కోసం మట్టి గుళికలు పోసి పెట్టిన తొట్టె దగ్గరికి వెళ్ళేది, ముందుకాళ్ళు అంచు మీద ఆనించి నిలబడేది, ఒక పాదం లోపల పెట్టి వెంటనే వెనక్కి తీసుకుని విదిలించేది, చివరికి స్నానాలగది ముందున్న మెత్తటి పట్టా మీద పని కానిచ్చేది. మొండితనం అనుకుని నేను రెండుమూడుసార్లు కసిరాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. డాక్టరు తీసిన ఎక్స్-రేలో రెండు వేళ్ళ కొసల్లో ఎముక తునకలు బియ్యపు నూకల్లా కనిపించాయి. నడిచిన ప్రతిసారీ బరువంతా వాటి మీదే పడుతోందన్నమాట. తొట్టెలో మెత్తటి కాగితపు గుళికలు పోసిన తర్వాతే అది లోపల నిలబడగలిగింది.

మా పిల్లి ఒక్కదాని కథ కాదిది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 274 పిల్లులను పరిశీలించగా, గోళ్ళు తీసిన వాటిలో 63 శాతం పిల్లుల పాదాల్లో ఇలాంటి ఎముక ముక్కలు మిగిలి ఉన్నాయి. నడుము నొప్పి, తొట్టె బయట మలమూత్రాలు, కరవడం కూడా వాటిలోనే బాగా ఎక్కువగా కనబడ్డాయి. పాపకోసం అంటున్నారు కదా, ఆ చివరి మాట జాగ్రత్తగా గమనించండి. గోళ్ళున్న పిల్లి ముందు పంజా విసిరి హెచ్చరిస్తుంది, అవి లేని పిల్లికి మిగిలేది పళ్ళే. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది కాబట్టి, పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయం లోపల చీము పట్టే ప్రమాదం గీత కంటే చాలా ఎక్కువ. వేసవికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉంటే, ఆ తేడా మరీ ముఖ్యం.

ఇక చట్టం సంగతి. టెక్సాస్ రాష్ట్రమంతటికీ నిషేధం లేకపోయినా, ఆస్టిన్ నగరం 2021లో దీన్ని నిషేధించింది. రాష్ట్రాల్లో మొట్టమొదట 2019లో న్యూయార్క్, ఆ తర్వాత మేరీలాండ్, వర్జీనియా చట్టాలు చేశాయి. ఆ చట్టాల్లో ఉన్న మినహాయింపు వైద్య అవసరానికే, అంటే గోటి మూలంలో కణితి వంటి జబ్బులకు, సోఫాకు కాదు. బ్రిటన్‌లో ఇది ఎప్పటినుంచో నేరం. మీ ఉద్యోగం రేపు ఏ రాష్ట్రానికి మారినా పిల్లి కాళ్ళు అవే కదా, కనుక ఉన్న ఊళ్ళో చట్టం ఒప్పుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టి ఇది తేల్చవద్దు. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు గోళ్ళు తీయించాలని షరతు పెడితే, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ వాక్యం తీసేయమని, కావాలంటే డిపాజిట్ కొంత పెంచుకోమని అడగండి. కాలిఫోర్నియాలో అయితే ఇంటి యజమాని అలాంటి షరతు పెట్టడమే చట్టవిరుద్ధం.

పిల్లి గీరేది మీమీద కోపంతో కాదు. గోటి పై పొర ఊడి కొత్తది రావడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి, తన వాసన వదిలి ఇది నా చోటు అని చెప్పుకోవడానికి గీరుతుంది. మన ఊళ్ళలో పిల్లికి చెట్టు, గోనెసంచి, పాత తలుపు దొరికేవి, ఇక్కడ నాలుగు గోడల మధ్య దానికి దొరికింది మీ సోఫా. అది వెనుక కాళ్ళ మీద లేచి పూర్తిగా సాగినా అందనంత ఎత్తు ఉన్న, ఊగని గుంజ ఒకటి సోఫా పక్కనే పెట్టండి. మేము చెక్క గుంజకు కిత్తనార తాడును, మంచానికి నులక అల్లినంత బిగువుగా, సందు లేకుండా చుట్టాం. సోఫా అంచుకు రెండువైపులా అంటుకునే టేపు కొన్ని వారాలు ఉంచితే, జిగురు నచ్చక అది గుంజ వైపే వెళ్తుంది. గోళ్ళ మీద అతికించే మెత్తటి తొడుగులు కూడా దొరుకుతాయి, నెలా నెలన్నరకు మార్చాలి.

కుక్క గురించి కూడా ఒక మాట అడిగారు. పరుగెత్తి మలుపు తిరిగేటప్పుడు, నేల మీద నిలదొక్కుకునేటప్పుడు కుక్కకు గోళ్ళే పట్టు, చెక్క నేల మీద గీతలకోసం వాటిని తీయించడం కూడా అంతే తప్పు. ముందుకాలి లోపలివైపు కాస్త పైన ఉండే గోరు ఉత్తిదని కొందరు అంటారు కానీ, దానికీ ఎముకా కండరపు బంధమూ ఉన్నాయి. వెనుక కాలికి చర్మం మీద వేలాడే గోరు మాటిమాటికీ చిరుగుతుంటే, అది డాక్టరుతో మాట్లాడవలసిన వేరే విషయం.

గోళ్ళు కత్తిరించడం మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. పిల్లి నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని, వేలిని కింద మెత్తనూ పైన కణుపునూ కలిపి నెమ్మదిగా నొక్కితే గోరు బయటికి జారుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల గులాబీ రంగు నరం కనిపిస్తుంది, దాన్ని తాకకుండా తెల్లటి వంపు కొసను మాత్రం తుంచాలి. మొదటిరోజు పది గోళ్ళూ పూర్తిచేయాలని పట్టుపట్టకండి, రెండు చాలు, వెంటనే దానికి ఇష్టమైన తిండి పెట్టండి. రెండు వారాలకోసారి చేస్తే సరిపోతుంది. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, పట్టుకోవడానికి ఒకరు, కత్తిరించడానికి ఒకరు ఉంటే పిల్లి కూడా తక్కువ బెదురుతుంది.