మూడో పుట్టినరోజు తరువాతి మంగళవారాలు

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. బాబుకు మార్చి నెల మధ్యలో మూడేళ్ళు నిండుతాయని, ఆ రోజుతో ఇంటికి వచ్చే థెరపీ ఆగిపోతుందని, బడివాళ్ళకు పేరు పంపాలా వద్దా అని అడిగారు. చివర్లో మాత్రం "మాటలు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచుకుంటే తప్పా?" అని ఒక్క ముక్క రాశారు. నేను ఆ ముక్కకే జవాబు రాస్తున్నాను. 2012లో నేనూ సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

మేము న్యూజెర్సీకి వచ్చింది 2008లో. మా వాడికి ఏడాదిన్నర దాటినా "అమ్మ" అనలేదు. పిల్లల డాక్టరు చెబితే, ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లలకు ఇంటికి వచ్చి సాయం చేసే ప్రభుత్వ పథకం ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు ఫోను చేశాము. మంగళవారం, శుక్రవారం ఉదయం పదింటికి స్పీచ్ థెరపిస్టు మా అపార్ట్‌మెంటుకు వచ్చేవారు. మా అమ్మ వయసు ఆవిడది. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, చాప మీద వాడి ఎదురుగా కూర్చునేవారు. కొద్ది వారాల్లోనే "బువ్వ", "ఇంకా", "దా" నేర్చుకుని వాడితో అనేవారు. మా ఆయన ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి తిరిగివచ్చేవారు. ఉన్న ఒక్క కారూ ఆయనతోనే వెళ్ళేది. హెచ్‌4 వీసా మీద, అంటే ఉద్యోగానికి వచ్చినవాళ్ళ భార్యలుగా, ఉన్న నాలాంటివాళ్ళకు ఉద్యోగం చేసుకునే అనుమతి 2015లో గాని రాలేదు. వారం మొత్తం మీద నా ఎదుట కూర్చుని మాట్లాడే పెద్ద మనిషి ఆవిడ ఒక్కరే. ఆవిడ కోసం సోమవారం రాత్రే యాలకులు దంచి పెట్టుకునేదాన్ని.

అందుకే జూన్‌లో ఆ పథకంలో మా వ్యవహారం చూసే సర్వీస్ కోఆర్డినేటర్ వచ్చి, మీ ఊరి బడివాళ్ళకు బాబు పేరు తెలియజేస్తామని కాగితం చూపిస్తే, వద్దని సంతకం పెట్టాను. పైకి చాలా కారణాలు చెప్పాను. వీసాకు ఇబ్బంది అవుతుందేమో, పిల్లవాడి మీద ముద్ర పడుతుందేమో, అత్తగారికి ఏమని చెప్పాలి అని. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం వెళ్ళకపోతే ఆవిడ రావడం ఆగదని నా మనసులో ఎక్కడో ఉంది. మీ ఉత్తరంలోనూ నాకు అదే వినిపించింది. కాదంటే క్షమించండి, కానీ అవుననే అనుకుంటున్నాను.

కాగితం వెళ్ళకపోయినా ఆగుతుందమ్మా. ఎర్లీ ఇంటర్వెన్షన్ పుట్టినప్పటినుంచి మూడేళ్ళు నిండేవరకే. ఆ తరువాత బాధ్యత మీ ఊరి ప్రభుత్వ బడులది. మూడేళ్ళు నిండే రోజుకు, బిడ్డకు బడిలో ఏ సాయం అందాలో రాసే ఐఈపీ అనే ప్రణాళిక సిద్ధంగా ఉండాలని అమెరికా కేంద్ర చట్టం. బడివాళ్ళతో కలిసి కూర్చునే సమావేశం పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందు జరగాలి. మన న్యూజెర్సీలో పరీక్షలు చేయమని కోరే ఉత్తరం 120 రోజుల ముందే ఇవ్వమంటారు. అంటే మీకు నవంబరు మధ్యలోపు. ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు ఆదాయాన్నిబట్టి కొంత కట్టి ఉంటారు, బడిలో ఒక్క డాలరు కూడా కట్టనక్కరలేదు. వీసా సంగతి బడి అడగదు, ఏ హోదాలో ఉన్న పిల్లలకైనా చదువు కాదనకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలినవన్నీ రాష్ట్ర విద్యాశాఖ పేజీల్లో ఉన్నాయి, చదువుకోండి. మీ తరంవాళ్ళకు ఫోనులో దొరకనిది లేదు. మనిషిని అడగడం ఒక్కటే మీకు చేతకావడం లేదు.

మనసు మార్చుకుని సెప్టెంబరు మధ్యలో నేను ఉత్తరం పెట్టాను. బడివాళ్ళు తమ గడువు ప్రకారమే పని చేశారు. అయినా డిసెంబరు వచ్చింది, సెలవులు వచ్చాయి. మా వాడి పుట్టినరోజు నవంబరులో, దీపావళి వారం. ఆవిడ ఆఖరిసారి వచ్చి, వాడికి బుడగలు ఊదే సీసా ఒకటి ఇచ్చి వెళ్ళిపోయారు. తరువాతి మంగళవారం పదింటికి వాడు వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాడు. పదకొండు దాకా లేవలేదు. నేనూ లేవలేదు. జనవరి రెండో వారందాకా, ఎనిమిది వారాలు, ఆ ఇంట్లో మేమిద్దరమే. బయట మంచు. వచ్చిన నాలుగు మాటల్లో రెండు పోయాయి. "ఇంకా" అనేవాడు, మళ్ళీ చెయ్యి పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. ఆ ఎనిమిది వారాలు వాడికి ఎవరూ తిరిగి ఇవ్వరు. అందుకే ఉత్తరం ఈ వారమే పంపండి. తేదీ వేసి, నకలు దాచుకోండి.

పరీక్షల రోజున ఇంకో తప్పు చేశాను. వాడు చెంచాతో తింటాడా, తోటిపిల్లలతో ఆడతాడా, పేరు పిలిస్తే తిరుగుతాడా అని అడుగుతుంటే, అన్నిటికీ "చేస్తాడు" అన్నాను. పరాయివాళ్ళ ముందు బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి నోరు రాలేదు. ఎప్పుడో ఒకసారి చేసినదాన్ని రోజూ చేసినట్టు చెప్పాను. దాని ఫలితం ఐఈపీలో కనబడింది. ఇంట్లో వారానికి రెండుసార్లు ఉన్న స్పీచ్ థెరపీ బడిలో ఒకసారి అయింది. చెడ్డ రోజు ఎలా ఉంటుందో అదే చెప్పండి. అది బిడ్డను తక్కువ చేయడం కాదు.

బొమ్మలు చూపించి "వాటర్" ఏది అంటే మా వాడు కదలలేదు. "నీళ్ళు" అని నేను అని ఉంటే చటుక్కున చూపించేవాడు. నేను అనలేదు. బిడ్డకు తెలిసిన భాషలో పరీక్షించమని అడగవచ్చు, సమావేశానికి తెలుగు దుబాసీని కూడా బడే ఖర్చు పెట్టుకుని పిలవాలి. ఇవి నాకు ఏడాది తరువాత తెలిశాయి. దుబాసీగా మా ఆయన వచ్చారు, సగంలో ఆఫీసు ఫోను వచ్చి బయటికి వెళ్ళారు. బల్లకు అటువైపు అయిదుగురు, ఇటు నేను ఒక్కదాన్ని. వాళ్ళు చెప్పిన ప్రతి మాటకూ తల ఊపాను. ఊపిన తలను ఒప్పుకోలుగానే తీసుకుంటారు ఇక్కడ. మీరు అక్కడ ఒంటరిగా కూర్చోకండి. ఎవరినైనా వెంట తీసుకువెళ్ళే హక్కు మీకు ఉంది. ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్ళను పిలవమని కూడా కోరవచ్చు. సంతకం అక్కడికక్కడే పెట్టనక్కరలేదు, కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదవండి. మన రాష్ట్రంలో తల్లిదండ్రులకు ఉచితంగా దారి చెప్పే స్పాన్ అనే సంస్థ ఉంది, వాళ్ళకు ఫోను చేయండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని తెలిసినవాళ్ళు ఎవరో అంటే, ఆ చలికాలం వాడితో తెలుగు మానేశాను. నాకు వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషుతో వాడికి జోల పాడలేను, కోప్పడలేను, ముద్దు చేయలేను. ఇద్దరం మూగవాళ్ళమైపోయాము. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. మీ ఇంట్లో మీ భాషే మాట్లాడండి. మా వాడు ఇప్పుడు హైస్కూలులో ఉన్నాడు, ఆదివారాలు నానమ్మతో ఫోనులో క్రికెట్ గురించి వాదిస్తాడు, తెలుగులోనే. ఆ తరువాత ప్రతి ఐఈపీ సమావేశానికీ నేనే వెళ్ళాను. ఇప్పుడు తల ఊపను, ప్రశ్నలు రాసుకుని వెళతాను.

బడిని చూసి భయపడకండి. జనవరిలో చిన్న పసుపుపచ్చ బస్సు మా గుమ్మం ముందుకు వచ్చింది. మూడేళ్ళవాణ్ణి బెల్టు కట్టి కూర్చోబెట్టుకున్నారు. వాడు ఏడవలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, రెండున్నర గంటలు ఏం చేయాలో తెలియక వంటింట్లో నిలబడ్డాను. ఇంటికి వచ్చే థెరపిస్టు తల్లికి కూడా నేర్పుతారు, తల్లితో కూడా మాట్లాడతారు. బడి పిల్లవాడిదే. అక్కడినుంచి సంచీలో ఒక చిన్న నోటు పుస్తకం వస్తుంది, అంతే. ఈ తేడా ఏ కాగితంలోనూ రాయరు.

"ఇంకా మాటలు రాలేదా?" అని అడుగుతారని ఆ రెండేళ్ళు గుడికి వెళ్ళడం మానేశాను, పుట్టినరోజులకు పిలిస్తే జ్వరమని చెప్పాను. తీరా చూస్తే మా పై అంతస్తులోనే ఇంకో తెలుగమ్మాయి కూతురు అదే బస్సు ఎక్కుతోంది. ఆమె కూడా దాచిపెట్టింది. ఏడాదిపాటు ఒకరు పైన, ఒకరు కింద ఉంటూ, ఒకే భయంతో, పలకరించుకోలేదు. ఈ రోజుకీ నాకు దగ్గర మనిషి ఆమే.

మీరు బాబు సంగతి ఒక్కరికైనా చెప్పండి, మార్చికి ముందే. పుట్టినరోజు తరువాత వచ్చే మొదటి మంగళవారం పదింటికి వాళ్ళను ఇంటికి పిలవండి. ఎవరూ దొరకకపోతే మీ అమ్మగారికి ఫోను చేయండి. అప్పటికి ఇక్కడ వేసవి కోసం గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటారు, ఇండియాలో రాత్రి ఏడున్నర అవుతుంది, ఆవిడ ఇంకా పడుకోరు.