సంతకం లేని పాత ఆయిల్ పెయింటింగ్

ప్రశ్న: తాతగారి నాటి నదీతీర దృశ్యం, కాన్వాస్ మీద ఆయిల్ పెయింటింగ్, మా ఇంట్లో ఉంది. సంతకం లేదు. పసుపెక్కింది, కింది అంచున రంగు పెచ్చులు లేస్తోంది. తుడవచ్చా? విలువైనదేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దయచేసి తుడవకండి. తడిగుడ్డ, బంగాళాదుంప ముక్క, కొబ్బరినూనె ఏదీ వద్దు. పగుళ్లలోంచి నీరు దిగితే కాన్వాస్ ముడుచుకుని, లేచిన రంగు రాలిపోతుంది. ముందు గోడ మీంచి దించి, బొమ్మ పైకి ఉండేలా బల్లమీద పడుకోబెట్టండి. రాలిన పెచ్చులు కవర్లో దాచండి, చాలావాటిని మళ్లీ అతికించవచ్చు.

విలువ తేలాలంటే ముందు కాలం తెలియాలి, అందుకు వెనకవైపు చూడాలి. చట్రానికి కొట్టినవి చిన్న మేకులా, స్టేపుల్ పిన్నులా? పిన్నులైతే ఈమధ్య బిగించింది కావచ్చు. కాన్వాస్ అమ్మినవారి ముద్ర ఉందా? విన్సర్ అండ్ న్యూటన్ లాంటి లండన్ కంపెనీ ముద్ర ఉంటే, అందులోని చిరునామాను బట్టే కాలం అంచనా కట్టొచ్చు. భూతద్దంలో సన్నటి చుక్కలు వరుసగా కనిపిస్తే అది అచ్చుబొమ్మ. ల్యాబ్ పరీక్షలో తెలుపు రంగు టైటానియం వైట్ అని తేలితే ఆ భాగం దాదాపు 1920 తర్వాతిది. అయితే అది తర్వాతి మరమ్మతు కూడా కావచ్చు, ఆ ఒక్కదాన్నీ పట్టుకుని బొమ్మ మొత్తాన్నీ కొట్టిపారేయకూడదు.

పసుపు చాలావరకు పాత వార్నిష్‌దే. దాన్ని తీసే ద్రావకం రంగునూ కరిగించగలదు. అందుకే మంచి కన్జర్వేటర్ (పాత బొమ్మలను బాగుచేసే నిపుణుడు) ముందు ఓ మూల దూదిపుల్లతో పరీక్షిస్తారు. పని అప్పగించేముందు ఫొటోలతో రాతపూర్వక నివేదిక అడగండి. తిరిగి తగిలించేటప్పుడు వాన తగిలే గోడ వద్దు. ఫ్రేము వెనక కింది మూలల్లో కార్క్ ముక్కలు అతికించి గాలాడనివ్వండి.