కొలరాడో కొండల్లో చిక్కుకుని 911కి ఫోన్ చేస్తే రెస్క్యూకి బిల్లు వేస్తారా? ఆ డబ్బు ఎవరిది?

ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నలని హైకింగ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నానని, కొండ మీద ఏదైనా అయితే రెస్క్యూకి ఎంత బిల్లు వేస్తారో, లేకపోతే ఆ ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పమని ఒకరు అడిగారు.

కొలరాడోలో 911కి, అంటే అమెరికా అత్యవసర నంబరుకి, ఫోన్ చేస్తే రెస్క్యూకి బిల్లు వెయ్యరు. మిగతాది తీరిగ్గా చదవండి గానీ, ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ ఇవాళే చెప్పండి. ఇది తెలియకే మేం మూడు గంటలు పాడుచేసుకున్నాం.

2017 సెప్టెంబరు చివరి వారం. మా తమ్ముడు ఎమ్మెస్‌కి వచ్చి నెల దాటింది. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు తిరిగాయి, చూపిద్దామని తీసుకెళ్లాను. కారు పెట్టిన చోటి నుంచి నాలుగు మైళ్లు లోపలికి వెళ్లాం. దిగేటప్పుడు రాళ్ల మీద వాడి కాలు మడతపడింది. చూస్తే పాదం ఉండాల్సిన వైపు లేదు. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. నా ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత ఉంది. "అక్కా, 911 వద్దక్కా. హెలికాప్టర్ వస్తే యాభై వేల డాలర్లు వేస్తారట. నాన్న ఇప్పటికే లోన్ కడుతున్నారు" అన్నాడు. నేనూ సరే అన్నాను. చున్నీతో కాలు కట్టి, వాడి చెయ్యి నా భుజం మీద వేసుకుని నడిపించాను. మూడు గంటల్లో అర మైలు కూడా దిగలేదు. వాడికి వణుకు మొదలయ్యాక, ఐదున్నరకి ఫోన్ చేశాను.

చీకటిపడ్డాక చాలాసేపటికి చెట్ల మధ్య హెడ్‌ల్యాంపులు కనిపించాయి. ముందు వచ్చినావిడ మోకాళ్ల మీద కూర్చుని వాడి పేరు అడిగింది, సరిగ్గా పలకడం వచ్చేదాకా రెండుసార్లు చెప్పించుకుంది. కాలివేళ్లు పట్టుకుని రక్తం ఆడుతోందో లేదో చూసింది. చిన్న చిన్న పూసలు నింపిన సంచీ లాంటిది ఒకటి కాలి చుట్టూ చుట్టి, పంపుతో దాంట్లో గాలి తీసేసింది. మెత్తగా ఉన్న సంచీ కాలి ఆకారంలోనే రాయిలా బిగుసుకుపోయింది. అంత నొప్పిలోనూ మావాడు అడిగింది ఒక్కటే, దీనికి ఎంతవుతుందని. డబ్బులేమీ లేవని, ఇంకెప్పుడైనా ఇలా అయితే వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పింది.

తర్వాత కింద ఒకే ఒక చక్రం ఉన్న స్ట్రెచర్ మీద కట్టారు. చెరో పక్క ముగ్గురు పట్టుకుని, ముందున్న మనిషి "రాయి", "వేరు", "ఆగండి" అని చెబుతుంటే అడుగు అడుగూ దింపారు. చేతులు పడిపోయినప్పుడల్లా మనుషులు మారేవాళ్లు. కిందికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంటన్నర. వాళ్లలో ఒకాయన స్కూలు టీచరు, పొద్దున ఏడింటికి క్లాసుంది. ఎవరికీ జీతం లేదు. మేం రెండున్నరకే ఫోన్ చేసుంటే పగటి వెలుతురులో అయిపోవాల్సిన పని అది. మా భయం వల్ల పద్నాలుగు మంది చీకట్లో రాళ్ల మీద దిగాల్సొచ్చింది.

బిల్లులు వచ్చాయి. అయితే అవి అక్కడి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లిన అంబులెన్సువి, ఆసుపత్రివి. ఈ తేడా తెలుసుకోండి: వెతకడం, కొండ మీద నుంచి దింపడం ఉచితం. వైద్యం, అంబులెన్సు, ప్రైవేటు ఎయిర్ అంబులెన్సు మాత్రం ఉచితం కాదు. 2022 జనవరి నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అని, అనుకోని వైద్య బిల్లుల నుంచి కాపాడే చట్టం ఉంది కాబట్టి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి నెట్‌వర్క్‌లో లేని, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని, ఎయిర్ అంబులెన్సు విషయంలో కొంత రక్షణ దొరుకుతుంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సులకి ఆ చట్టం వర్తించదు. అమ్మానాన్నలకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కి కూడా వర్తిస్తుందని అనుకోవద్దు. పాలసీ కాగితాల్లో అంబులెన్సు పరిమితి ఎంతుందో టికెట్లు కొనేముందే చూడండి.

ఇక డబ్బు ఎవరిదన్నది. మరుసటి ఏడాది నేనూ మా కౌంటీ (మన జిల్లా లాంటిది) రెస్క్యూ టీమ్‌లో చేరాను. రెండేళ్లుగా ట్రెజరర్‌ని కూడా, అందుకే ఇది కాస్త వివరంగా చెప్పగలను.

కొలరాడోలో తప్పిపోయినవాళ్లని వెతికే బాధ్యత చట్టప్రకారం కౌంటీ షెరీఫ్‌ది, అంటే అక్కడి పోలీసు పెద్దది. పని చేసేది మాత్రం దాదాపు వాలంటీర్లే. రాష్ట్రం మొత్తం మీద సుమారు 50 టీములు, 2,800 మంది దాకా ఉన్నారు. షెరీఫ్‌కి బడ్జెట్ ఇచ్చేది కౌంటీ కమిషనర్లు, ఆ డబ్బులోంచే జైలూ నడవాలి, గస్తీ కారులూ నడవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పద్నాలుగు వేల అడుగుల శిఖరాలున్న కౌంటీల్లో చాలావాటిలో ఉండే జనం తక్కువ, పన్నులు తక్కువ. శనివారం పొద్దున కార్లన్నీ రాజధాని డెన్వర్ వైపు నుంచి వస్తాయి. తప్పిపోయేది మనం, ఖర్చు ఆ చిన్న కౌంటీది.

అందుకని రాష్ట్రం ఒక నిధి పెట్టింది. వేట, చేపల లైసెన్సుల మీద, పడవలు, మంచు మీద నడిపే స్నోమొబైళ్ల రిజిస్ట్రేషన్ల మీద ఏళ్ల తరబడి 25 సెంట్ల చొప్పున వసూలు చేసి అందులో వేశారు. కోర్సార్ అని ఒక కార్డు కూడా ఉంది, కొద్ది డాలర్లు. చాలామంది దాన్ని ఇన్సూరెన్స్ అనుకుంటారు. కాదు. అది మీ ఆసుపత్రి బిల్లు కట్టదు, మిమ్మల్ని వెతకడానికైన ఖర్చు షెరీఫ్‌కి తిరిగొచ్చేలా చేస్తుంది, అంతే. అయినా కొనండి. 2021, 2022లలో వచ్చిన రెండు చట్టాలతో ఈ కార్యక్రమం మొత్తం రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం కిందికి వచ్చింది, వాలంటీర్ల మానసిక ఆరోగ్యం గురించి కూడా మొదటిసారి పట్టించుకున్నారు. ఒక పిల్లవాడి శవాన్ని మోసుకొచ్చిన రాత్రి తర్వాత తెల్లారి ఆఫీసుకెళ్లి కూర్చున్న మనిషిని నేను చూశాను కాబట్టి, అది ఎంత అవసరమో నాకు తెలుసు.

లెక్కల సంగతి. ఆ నిధి నుంచి ఖర్చు తిరిగి రావాలంటే, ఒక రెస్క్యూ కాల్ అయిపోయాక ఎవరి బండి ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ పరికరం పాడైంది, గ్యాస్‌కి (పెట్రోలుకి) ఎంతైంది అన్నీ రాసి, షెరీఫ్ సంతకంతో పంపాలి. మా సమయానికి విలువ కట్టరు. ఒకసారి గ్యాస్ రశీదు మీద తేదీ చెరిగిపోయిందని మా క్లెయిమ్ వెనక్కొచ్చింది. ఆ రోజు విసుక్కున్నాను గానీ, ప్రజల డబ్బు కాబట్టి అలాగే ఉండాలి. నాకు లోటుగా అనిపించేది వేరే ఉంది: డబ్బుకి లెక్క అడుగుతారు, పనికి అడగరు. ఫోన్ వచ్చిన ఎంతసేపటికి టీమ్ బయల్దేరింది, ఏడాదికి ఎన్ని కాల్స్, ఎంతమంది శిక్షణ పూర్తిచేశారు, ఇవన్నీ ప్రతి కౌంటీ ఒకే పద్ధతిలో బయటపెట్టాలని నా పట్టు. షెరీఫ్‌ని ఎన్నుకునేది అక్కడి ఓటర్లు. డెన్వర్ నుంచి వచ్చేవాళ్లకి ఆ కౌంటీలో ఓటు లేదు, వీసా మీద ఉన్నవాళ్లకి ఎక్కడా లేదు. చూసి అడగడానికి అంకెలైనా ఉండాలి కదా.

జాగ్రత్త లేనివాళ్ల దగ్గర వసూలు చెయ్యొచ్చు కదా అని మా టీమ్‌లోనే కొందరంటారు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఆ చట్టం ఉంది, నిర్లక్ష్యం అని తేలితే ఖర్చు కట్టాలి. 2015 నుంచి అక్కడ 25 డాలర్ల హైక్ సేఫ్ కార్డు తీసుకున్నవాళ్లకి ఆ భారం ఉండదు, మరీ తెగించి ప్రవర్తిస్తే తప్ప. వాళ్ల కష్టం వాళ్లది, అక్కడా నిధులు చాలకే అలా చేశారు. అయినా నేను ఒప్పుకోలేను. బిల్లు భయం ఉంటే ఎవరు ముందు ఆగిపోతారో నేను చూశాను. అజాగ్రత్తగా తిరిగేవాళ్లు కాదు, మా తమ్ముడిలా చేతిలో డబ్బు లేనివాళ్లు. పర్వతాల్లో రెస్క్యూ చేసే టీములు కలిసి 1959లో పెట్టుకున్న మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ కూడా బిల్లు వెయ్యడాన్ని వ్యతిరేకిస్తోంది.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. 2023 జనవరి నుంచి కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌లో కీప్ కొలరాడో వైల్డ్ పాస్ అని 29 డాలర్లు కలిపి వస్తోంది. వద్దంటే తీసేస్తారు, మనవాళ్లు చాలామంది తీసేయిస్తున్నారు కూడా. దాంతో ఆ కారు అన్ని స్టేట్ పార్కుల్లోకీ వెళ్లొచ్చు. వచ్చిన డబ్బులో పార్కుల వాటా పోగా, 25 లక్షల డాలర్ల దాకా రెస్క్యూ టీములకి, 10 లక్షల దాకా మంచు చరియల హెచ్చరికలిచ్చే కేంద్రానికి వెళ్లేలా చట్టంలోనే రాశారు. కాల్‌తో సంబంధం లేని ఖర్చులు, అంటే గడువు తీరిన తాళ్లు మార్చడం, శిక్షణ, ఇలాంటివాటికి మాకు దొరికే ఆధారాల్లో అదొకటి.

అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు తలా ఒక హెడ్‌ల్యాంపు, ఒక స్వెట్టర్ ఎక్కువ పెట్టుకోండి. ఫోన్ కలవకపోతే 911కి మెసేజ్ పెట్టి చూడండి, ఒక్కోసారి అది వెళ్తుంది. షెరీఫ్ పేరు వినగానే వీసా గురించి భయపడకండి, ఇన్నేళ్లలో మేం ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. ఎక్కడున్నారు, ఎంతమంది, ఎవరికి దెబ్బ తగిలింది, ఈ మూడూ చెప్పి, ఉన్నచోటే ఉండండి.